సంతల వెంట బేబి

బేబి మా ఇంటికి పాలు పోసేది. మండపేటకి దగ్గర్లో, కాలవ గట్టు మీద మా ఊరు. కాలవకి ఇవతల మా వీధులు, అవతల లూథరన్ గుడి, ఆ గుడి చుట్టూ వాళ్ల పేట. పొద్దున్నే పాలచెంబు మీద అరిటాకు ముక్క కప్పుకుని వంతెన దాటి వచ్చేది. సన్నటి మనిషి. గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మా అమ్మ ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అని గిన్నెలో పాలు పోసి వెళ్లిపోయేది. అలాంటి మనిషి పశువుల సంతల్లో మగాళ్ల మధ్య ఒంటరిగా తిరిగిందంటే మా వీధిలో చాలామంది నమ్మలేదు. తిరిగిన సంగతీ, ఆ తర్వాత జరిగినదీ తనే మా అరుగు మీద కూర్చుని చెప్పింది. ఒక్కసారి కాదు, కొంచెం కొంచెంగా, కొన్నేళ్లపాటు.

ఆవిడ భర్త యెహెజ్కేలు కొబ్బరి దింపు తీసేవాడు. తొంభై ఆరు తుపాను తర్వాత విరిగిన చెట్ల తలలు నరకడానికి ఎక్కి, పైనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుం దక్కలేదు. అప్పటినుంచి ఆ ఇల్లు బేబి కూలి మీదా, చుక్క పాల మీదా నడిచింది. చుక్క అంటే వాళ్ల గేదె. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. కొత్తవాళ్లు పలుపు పట్టుకుంటే నాలుగు కాళ్లూ నేలలో పాతేసినట్టు నిలబడిపోయేది. బేబి "దా చుక్కా, దా" అంటే మాత్రం పిల్లలా వెనకాలే నడిచేది.

తొంభై ఎనిమిది మే నెల. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి కాలవలు కట్టేసిన రోజులు. చుక్క చూలుతో నిండుగా ఉంది. ఒక తెల్లవారి బేబి కుడితి బిందె పట్టుకుని పాకలోకి వెళ్తే గుంజ ఒక్కటే ఉంది. పలుపు తెంపలేదు, ముడి విప్పారు. బయట కుక్క మొరగలేదు, గేదె అరవలేదు. యెహెజ్కేలు మంచం మీంచే "సరిగ్గా కట్టావా?" అని అడిగాడు. బేబి కాలవ అడుగుదాకా దిగి వెతికింది. ఆరీఆరని బురదలో గేదె అడుగులు కొంతదూరం కనిపించాయి. తారు రోడ్డు దగ్గర ఆగిపోయాయి.

ఆ రోజంతా ఇల్లు జనంతో నిండింది. బేబి తల్లి పేరు చిన్నమ్మాయి, పక్కింట్లోనే ఉండేది, వచ్చి గుండెలు బాదుకుంది. తమ్ముడు డేనియల్ సాయంత్రానికి వచ్చాడు. అతను లారీ మీద క్లీనర్‌గా తిరిగేవాడు, వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. తల్లి నాట్లకీ కోతలకీ పోతే అతన్ని చంకనేసుకు పెంచింది బేబే. వచ్చి బావ పక్కన కూర్చుని, "నేను లారీ మీద నాలుగూళ్లు తిరుగుతాను కదక్కా, నేను చూస్తాలే. నువ్వు ఎండలో పడి తిరక్కు" అన్నాడు. ఆ మాటకి బేబి ఏడ్చింది. పొద్దున్నుంచి అదే మొదటిసారి.

కానీ ఆగలేదు. పదమూడేళ్ల కూతురు సారికకి వంట అప్పజెప్పి, చద్దన్నం మూట కట్టుకుని ద్రాక్షారామం సంతకి బయల్దేరింది.

ఆడవాళ్లు కూరగాయల సంతకి వెళ్లడం వేరు, పశువుల సంతకి వెళ్లడం వేరు. చెట్ల కింద బారులు తీరి గేదెలు, ఎడ్లు. కొమ్ములకి నూనె రాసి, ఒళ్లు గీసి, మెడలో కొత్త పలుపులు వేసి నిలబెట్టారు. తుండుగుడ్డ కప్పుకుని దాని కింద ఒకళ్ల వేళ్లు ఒకళ్లు నొక్కుకుంటూ బేరగాళ్లు ధరలు తేల్చుకుంటున్నారు. పేడా, మూత్రం కలిసిన వాసన. బేబి ఒక్కొక్క గేదె ముఖంలోకీ వంగి చూస్తూ పోతుంటే, "ఏంటమ్మా, కొంటావా?" అని ఒకడు, "మొగుణ్ణి వెతుక్కుంటోందిరా" అని ఇంకొకడు. నవ్వులు. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని చివరి బారుదాకా వెళ్లింది. చుక్క లేదు.

పలుపులూ మువ్వలూ అమ్ముకునే రత్తమ్మ అనే ముసలావిడ ఆమెని పిలిచి నీడన కూర్చోబెట్టింది. సంగతంతా విని, "పిచ్చిదానా, ఇక్కడ పోయిన పశువుని ఇక్కడెవడమ్ముతాడే? మెట్ట ఊళ్లకి తోలేస్తారు. పిఠాపురం చూడు, ఆ పైన కోరుకొండ వైపు చూడు" అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే డేనియల్ తల అడ్డంగా ఊపాడు. "మెట్టకి కాదక్కా, కృష్ణా జిల్లాకి పోతాయి. ఆ దారిలో నిడదవోలు వైపు చూడు" అన్నాడు. లారీ మీద తిరిగేవాడు, తెలిసినవాడు. బేబి అతని మాటే పట్టుకుంది. గోదావరి దాటి నిడదవోలు వెళ్లింది. సంతలో లేకపోయేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కాలినడకన తిరిగింది. కోసిన చేలల్లో పశువులు మేస్తుంటే గట్టు మీద నిలబడి "చుక్కా" అని పిలిచేది. గడ్డిమేటు వేసుకుంటున్న రైతుల దగ్గరికి పోయి అడిగేది. కొందరు పని ఆపి మజ్జిగ ఇచ్చి ఆనవాళ్లు అడిగారు. ఒక పెద్దాయన తన పాకలో ఉన్న అయిదు గేదెల్నీ విప్పించి, "నీ కళ్లతో నువ్వే చూసుకో తల్లీ, మనసు నిమ్మళిస్తుంది" అన్నాడు. ఇంకో చోట, ఈవిడ పాకలు చూసుకుని పోయి దొంగలకి కబురు చెబుతుందని అనుమానపడి, కర్ర పట్టుకుని ఊరి చివరిదాకా వెంటపడ్డారు. ఆ రోజు రేవులో కాళ్లు కడుక్కుని ఇంటికొచ్చిందట. తనే గేదెని పోగొట్టుకున్న మనిషై ఉండి, దొంగలా పరిగెత్తాల్సి వచ్చిందని చెప్పినప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది.

మూడు వారాలు అటే తిరిగింది. నాలుగో వారం ఎవరికీ చెప్పకుండా పిఠాపురం వెళ్లింది. అక్కడ టీ కొట్టతను, నుదుట మచ్చున్న చూలు గేదెని కోరుకొండ వైపు ఆసామి ఎవరో కొన్నట్టు గుర్తుందన్నాడు. మర్నాడు రాజమండ్రి వెళ్లి అక్కణ్ణుంచి కోరుకొండ బస్సెక్కింది. కొండ మీద నరసింహస్వామి గుడి కనబడేచోట దిగి, చుట్టుపక్కల ఊళ్లు ఒక్కొక్కటే అడుగుతూ నడిచింది. జీడిమామిడి తోటల మధ్య ఎర్రమట్టి దారి. ఎండ మాడుస్తోంది. మిట్టమధ్యాహ్నానికి ఒక చిన్న ఊరి చివర పశువుల మకాం కనబడింది. తాటాకు పాక, ముందు నీళ్ల తొట్టి, పాక లోపల నల్లగా ఏదో కదిలింది. బేబి దారి మీదే నిలబడి, "దా చుక్కా, దా" అంది.

లోపల్నించి గేదె అరిచింది.

పాకలోంచి ఒక పెద్దాయన బయటికొచ్చాడు. పేరు బుల్లబ్బాయి. రెండెకరాల మెట్ట చేను, వర్షం పడితే పంట. అతని వెనకాలే భార్య సూర్యకళ.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఆ గేదె నాదండి బాబుగారూ. నెలరోజులై వెతుక్కుంటున్నాను."

సూర్యకళ ముందుకొచ్చింది. "నీదేంటి? పిఠాపురం సంతలో పదిమంది ముందు కొనుక్కున్నాం. చెవుల దిద్దులు అమ్మి కొన్నాం. దారినపోయే ప్రతివాళ్లూ నాదంటే ఇచ్చేస్తామా?"

బేబి వాదించలేదు. "దాని ఎడమవైపు వెనక చన్ను చిన్నప్పుడు కుక్క కరిచిందండి. అందులో పాలు రావు" అంది. బుల్లబ్బాయి భార్య ముఖం చూశాడు. సూర్యకళ తల దించుకుంది. అప్పటికి చుక్క ఈని ఎనిమిదో రోజు. పక్కన పెయ్యదూడ. బేబి పాకలోకి అడుగుపెడితే గేదె మెడ చాపి ఆమె చెయ్యి నాకడం మొదలుపెట్టింది, నాకుతూనే ఉంది.

"ఇంక సాక్ష్యం ఎందుకు, అదే చెబుతోంది" అన్నాడు బుల్లబ్బాయి. తలపాగా తీసి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "గేదె నీదేనమ్మా. కానీ నేను దొంగసొత్తు కొన్నవాణ్ణన్న మాట పడలేను. వాడు మళ్లీ ఆ సంతకి వస్తాడు. వచ్చే వారం నువ్వూ రా. వాణ్ణి పోలీసులకి అప్పజెప్పి, గేదెనీ దూడనీ నేనే తోలుకొచ్చి నీ గుమ్మంలో కడతాను."

"ఎలా ఉంటాడండి?"

"కుర్రాడే. ఉంగరాల జుట్టు, పన్ను మీద పన్ను. పశువంటే ప్రేమున్నవాడిలాగే కనిపించాడమ్మా. పలుపు నా చేతికిస్తూ, 'కుడితిలో ఉప్పు వేస్తే గాని తాగదండి' అని జాగ్రత్త కూడా చెప్పాడు."

సూర్యకళ మనసు మార్చుకుని అన్నం పెట్టింది గాని బేబి తినకుండానే లేచింది. చుక్క ఉప్పు లేనిదే కుడితి ముట్టదని తన ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ముడి ఎందుకు విప్పారో, కుక్క ఎందుకు మొరగలేదో, గేదె ఎందుకు మారాం చెయ్యకుండా నడిచిందో, నిడదవోలు వైపు ఎందుకు పంపారో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. "బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానండి. రాజమండ్రి వచ్చిందని కండక్టరు లేపాడు. నేను నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాను" అని చెప్పింది మాతో.

ఇంట్లో గేదె జాడ దొరకలేదనే చెప్పింది. డేనియల్ ఊళ్లో లేడు. తల్లి దగ్గరికెళ్లి, "తమ్ముడొస్తే పిఠాపురం వైపు పోవద్దని చెప్పమ్మా" అంది. "ఎందుకే?" అని తల్లి అడిగితే, "ఊరికే, కలొచ్చింది" అంది. ఆ వారమంతా డేనియల్ ఇంటికి రాలేదు. ఆదివారం గుడిలో మోకరించి, అతను సంతకి రాకూడదనే ప్రార్థన చేసింది. గేదె దొరకాలని నెలరోజులు ప్రార్థించిన మనిషి, ఆ రోజు దొంగ దొరకకూడదని ప్రార్థించింది.

సంత రోజున వెళ్లకుండా ఉండిపోదామని కూడా అనుకుంది. కానీ బుల్లబ్బాయి అంత దూరం నుంచి వచ్చి ఎదురుచూస్తాడు. వెళ్లింది.

పిఠాపురం సంతలోకి పశువుల్ని తోలే దారి పక్కన ఇద్దరూ నిలబడ్డారు. ఎండెక్కింది. బుల్లబ్బాయి వచ్చేపోయే ప్రతి మనిషినీ చూస్తున్నాడు, బేబి నేలని చూస్తోంది. ఇంక రాడేమో అని ఆమె గుండె కుదుటపడే వేళకి బుల్లబ్బాయి చెయ్యి ఎత్తాడు.

"అదిగో. వాడే."

డేనియల్ ఒక పాడిగేదెని తోలుకొస్తున్నాడు. రెండు పూటలుగా పితికినట్టు లేదు, పొదుగు బండలా బిగిసి, నడుస్తుంటే పాలు చుక్కలుగా కారుతున్నాయి. వెంట దూడ లేదు. బుల్లబ్బాయి ఎదురెళ్లి అతని మణికట్టు పట్టుకుని "దొంగ" అని అరిచాడు. సంతలో ఆ మాట చాలు. ఎక్కణ్ణుంచి వచ్చారో, క్షణంలో చుట్టూ జనం. చొక్కా చిరిగింది. పశువుల్ని తోలే ములుగర్రలు లేచాయి. పోయిన తమ పశువులన్నీ గుర్తొచ్చినట్టు, ఏమీ పోనివాళ్లు కూడా కొట్టారు. ఆ గుంపులోంచి డేనియల్ ఆమెని చూశాడు.

"అక్కా!"

బుల్లబ్బాయి వెనక్కి తిరిగి బేబి ముఖం చూశాడు. "నీ మనిషా?"

"నా తమ్ముడండి" అని, ఆవిడ గుంపులోకి దూరి అతని మీద పడిపోయింది. నాలుగైదు దెబ్బలు ఆమె వీపు మీదే పడ్డాయి. "ఆడమనిషిరా, ఆగండ్రా" అంటూ బుల్లబ్బాయే అందర్నీ తోసి, పోలీసులు వచ్చేదాకా ఇద్దరికీ అడ్డంగా నిలబడ్డాడు.

స్టేషన్లో ఎస్సై ముందు ముగ్గుర్నీ నిలబెట్టారు. డేనియల్ పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఇప్పుడు తెచ్చిన గేదె ఎవరిదంటే, ఎవరో అమ్మి పెట్టమన్నారన్నాడు. చుక్క సంగతి అడిగితే, "మా అక్క గేదేనండి. అక్కే అమ్మమంది. బావకి తెలియకూడదని దొంగలు తోలుకుపోయారని చెప్పింది. అడగండి" అన్నాడు. ఆ మాటంటూ అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు దెబ్బలు తప్పించమని తల్లి ముందు ఎలా చూసేవాడో అలాగే చూశాడట.

ఎస్సై బేబి వైపు తిరిగాడు. "చెప్పమ్మా. నువ్వే అమ్మమన్నావా? అలాగైతే ఇందులో కేసేం లేదు, ఇంటికి తీసుకుపో. గేదె మాత్రం ఆ పెద్దాయనది అవుతుంది. ఆలోచించుకుని చెప్పు."

"అమ్మమన్నాననే చెబుదామని నోరు తెరిచానండి" అంది బేబి మాతో. చుక్క పోతే పోయింది, బుల్లబ్బాయికి నష్టం ఉండదు, తమ్ముడు ఇంటికొస్తాడు. అప్పుడే బయట వేపచెట్టుకి కట్టిన ఆ రెండో గేదె అరిచింది. దూడ కోసం అరిచే అరుపు. ఆ అరుపు వింటుంటే, ఎక్కడో ఇంకో మనిషి చేతిలో అన్నం మూటతో గట్ల మీద పిలుచుకుంటూ తిరుగుతున్నట్టు కనిపించిందట.

"నేను చెప్పలేదండి" అంది. "నాకు తెలియకుండా కట్టు విప్పి తోలుకుపోయాడు. ఆ గేదె ఎవరిదో కూడా అడగండి. వాళ్లకి కబురు పెట్టండి."

డేనియల్ మళ్లీ ఆమె వైపు చూడలేదు.

అతన్ని అడిగితే తర్వాత అన్నీ బయటికొచ్చాయి. లారీ మీద పరిచయమైన ఇద్దరితో కలిసి ఏడాదిగా ఇదే పని. మిగతా ఇద్దరూ దొరకలేదు. ఇతనికి శిక్ష పడి రాజమండ్రి జైలుకి పోయాడు. రెండో గేదెని, సామర్లకోట దగ్గర ఊళ్లోంచి ఓ ముసలి దంపతులు వచ్చి తోలుకుపోయారు.

బుల్లబ్బాయి మాట తప్పలేదు. కేసు పని అయ్యాక చిన్న వ్యాన్లో చుక్కనీ దూడనీ తెచ్చి గుమ్మంలో కట్టాడు. యెహెజ్కేలు మంచం మీంచి లేవబోతే వద్దని భుజం పట్టుకున్నాడు. మంచినీళ్లు తాగి, తిరిగి బస్సెక్కాడు. మరుసటి ఏడు ఆ పెయ్యదూడ పాలు మరిచాక బేబి దాన్ని తీసుకెళ్లి సూర్యకళ చేతికి పలుపిచ్చింది. సూర్యకళ మొదట వద్దంది, తర్వాత దూడ మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ రెండు ఇళ్ల మధ్య రాకపోకలు అలా మొదలయ్యాయి, నిలిచే ఉన్నాయి.

తన ఇంటి దగ్గర మాత్రం ఏదీ నిలవలేదు. "గేదె కోసం తమ్ముణ్ణి అమ్ముకుంది" అన్నారు పేటలో. గుడిలో ఆవిడ చాప మీద కూర్చుంటే పక్కవాళ్లు కొంచెం జరిగేవారు. తల్లి చిన్నమ్మాయి అయితే ముఖం చూడటమే మానేసింది. రెండిళ్లకీ మధ్య దడి ఒక్కటే. బేబి రోజూ అన్నం గిన్నె ఆ దడి మీద పెట్టేది. తల్లి తీసుకునేది, తిని గిన్నె కడిగి అక్కడే పెట్టేది. మాట లేదు. బేబి ఆ దడి దగ్గర నిలబడి తల్లిని పిలవబోయి ఆగిపోవడం, అటు వెళ్లినప్పుడు మా అమ్మ చాలాసార్లు చూసింది.

డేనియల్ విడుదలయ్యాక ఊరికి రాలేదు. రెండువేల మూడులో తల్లికి జబ్బు ముదిరింది. కొడుకు పేరే కలవరిస్తోంది. అతను రాజమండ్రిలో కూరగాయల మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడని ఎవరో చెబితే బేబి వెళ్లింది. ఉల్లిపాయల లారీ దగ్గర కనిపించాడు. వీపు మీద గోనెపట్టా, జుట్టు అప్పుడే నెరిసింది.

"అమ్మకి బాగాలేదురా. నిన్నే పిలుస్తోంది."

అతను బస్తా దించి వచ్చాడు. ఆమె ముఖం చూడకుండా అన్నాడు: "ఆ రోజు ఒక్కమాట అనుంటే సరిపోయేది కదక్కా."

"సరిపోయేదిరా" అంది బేబి. "నాకా మాట రాలేదు."

ఇద్దరూ ఒకే బస్సెక్కారు. అతను వెనక సీట్లో కూర్చున్నాడు. తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని రెండు రోజులుంది. చివరి పూట కూతురు చెంచాతో పాలు పోస్తే మింగింది, కానీ ఆమెతో మాట్లాడకుండానే పోయింది. సమాధుల దొడ్లో అక్కా తమ్ముడూ చెరో వైపు నిలబడి మట్టి వేశారు. మర్నాడే డేనియల్ బయల్దేరాడు. బస్సు కదిలేవేళకి సారిక పరిగెత్తుకెళ్లి కిటికీలోంచి టిఫిను డబ్బా అందించింది. అతను అందుకున్నాడు. తర్వాత ఎక్కడున్నాడో తెలియదు. మార్కెట్లో అడిగితే విశాఖ వైపు పోయాడన్నారు.

ఈ సంగతి మాకు చెప్పిన రోజు బేబి కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ ఎస్సై మళ్లీ అడిగినా అదే చెబుతానండి, ఆయ్" అంది. తర్వాత చాలాసేపు లేవకుండా అరుగు మీదే కూర్చుంది. మా అమ్మ టీ తెచ్చి ఇచ్చి, పక్కనే కూర్చుంది.